గులాబీ ఉప్పు, పడని బల్లి

సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నేను కాల్చినవి రెండే. రేంజిలో తూటాలు, వంటింట్లో వంకాయలు. తూటాల గురి ఏనాడూ కుదరలేదు కాబట్టి సైన్యం వారు నన్ను వంకాయల వైపే ఉంచేశారు. సిపాయిగా పట్టిన గరిటెను సుబేదారుగా దించాను. కొండల మీద వండాను, ఇసుకలో వండాను, ఒకసారి కదిలే రైల్లో కూడా వండాను. అవన్నీ వదిలేసి మీకు నా ఆఖరి పోస్టింగు సంగతి ఒకటి చెబుతాను. ఢిల్లీ కంటోన్మెంట్‌లో ఒక ఆఫీసర్ల మెస్సులో జరిగింది.

ఇప్పుడెందుకంటే, ఈ మధ్య గుడ్‌గావ్, నోయిడా ఫ్లాట్లలో ఉండే మన పిల్లలు బాల్కనీలో రేకు డబ్బా పెట్టి సాసేజ్‌లకు పొగ పట్టిస్తున్నారు. మయూర్ విహార్‌లో మా పక్క ఫ్లాటు కుర్రాడు కూడా మొదలుపెట్టాడు. ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, ఎలా ఉంది అంకుల్ అని అడుగుతారు. ఫోటో చూసి రుచి చెప్పే విద్య నాకు రాదు. నేను తిరిగి అడిగేది ఒకటే, ఏ ఉప్పు వేశారని. పింక్ సాల్ట్ అని జవాబొస్తే మాత్రం వదిలిపెట్టను. ఏ పింకు, ఎక్కడ కొన్నావు, సంచి మీద ఏం రాసుంది అని పోలీసు ప్రశ్నలు మొదలుపెడతాను. ముసలాయన చాదస్తం అనుకుంటారు. అనుకోనివ్వండి. ఇది చదివాక ఏమంటారో చూద్దాం.

ఆ ఏడాది మా మెస్సులో ఒక పోలండ్ ఆఫీసరు ఉండేవాడు. ఏదో కోర్సు మీద మన దేశానికి వచ్చాడు. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం పొదుపు. మేం పెట్టిన రాజ్మా, కఢీ, బెండకాయ అన్నీ యుద్ధానికి బయల్దేరినవాడిలా మొహం పెట్టి తినేవాడు గానీ ఏనాడూ వంక పెట్టలేదు. ఒక పార్టీలో ఎవరో మీ పండుగలేమిటని అడిగితే ఆ ఒక్కసారి నోరు విప్పాడట. ఈస్టర్‌కు ముందు రోజు వాళ్ళింట్లో గుడ్లు, రొట్టె, పొగపట్టిన సాసేజ్ బుట్టలో సర్ది చర్చికి తీసుకెళ్ళి దీవెన పట్టిస్తారట. ఆ సాసేజ్ లేకపోతే వాళ్ళమ్మకు అది ఈస్టరే కాదట. ఈసారి నాకు లేదులే అని నవ్వేసి ఊరుకున్నాడట.

ఆ మాట మా మేజర్ సాబ్ చెవిన పడింది. ఆయన మెస్ సెక్రటరీ. బంగారంలాంటి మనిషే గానీ, ఆయనకు పొద్దున వచ్చిన ఆలోచన మధ్యాహ్నానికి హుకుం అయిపోతుంది. ఆ సాసేజ్ మన మెస్సులోనే తయారుకావాలన్నాడు. ఐఎన్ఏ మార్కెట్లో డబ్బు పడేస్తే ఏ దేశం సాసేజ్ అయినా దొరుకుతుంది సర్ అన్నాను. కొని పెడితే హోటలు, చేసి పెడితే ఇల్లు అన్నాడాయన. సెల్యూట్ కొట్టి వచ్చేశాను.

దాని పేరు ఆ అతిథి నోట్లో కియెవ్‌బాసా అన్నట్టు పలికింది. మేజర్ సాబ్ నోట్లో కీల్‌బాసా అయింది. వంటింటి దాకా వచ్చేసరికి కేలా బాసీగా స్థిరపడింది. అంటే హిందీలో చద్ది అరటిపండు. మా స్టోరు హవల్దారు మర్నాడు ఎంతో వినయంగా వచ్చి, అరటిపళ్ళన్నీ తాజావే ఉన్నాయి సాబ్, ఎన్నాళ్ళు మగ్గబెట్టమంటారని అడిగాడు.

ఈ హవల్దారు గురించి చెప్పాలి. హర్యానా మనిషి, పుట్టు శాకాహారి, పరమ దేవీభక్తుడు. గుడ్డు వాసన వస్తే గది మారేవాడు. అలాంటివాడి చేతికి మటన్, చికెన్, పంది మాంసం ఉన్న ఫ్రీజరు తాళాలు ఇచ్చారు. సైన్యంలో ఉద్యోగాలు అలాగే పంచుతారు. మాంసం తూచేటప్పుడు మొహం పక్కకు తిప్పుకుని, ముల్లును మాత్రం ఓరకంట చూసేవాడు. అయినా తూకం తప్పేది కాదు, ఒక్క పైసా సరుకు పక్కదారి పట్టేది కాదు. అతని కుటుంబం కటవారియా సరాయ్‌లో ఉండేది. అత్తవారిది అక్కడ ఒక ఇరుకు మేడ. కింద వీళ్ళు, పైన అంతస్తులన్నీ పరీక్షలకు చదువుకునే పిల్లలకు అద్దెకు. నా పాత రెజిమెంటు స్నేహితుడి కొడుకు, నల్లగొండ వైపు కుర్రాడు, సివిల్స్‌కు చదువుతానని ఢిల్లీ వస్తే నేనే హవల్దారుకు చెప్పి పై గది ఇప్పించాను. కుర్రాడంటే కుర్రాడేం కాదు, అప్పటికి నాలుగుసార్లు పరీక్ష రాసి గడ్డం పెంచిన పెద్దమనిషి. ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు.

సాసేజ్‌కు నాకు తోడు మా నాగా వంటమాస్టరు. వాళ్ళ ఊళ్ళో ప్రతి పొయ్యి మీదా పంది మాంసం పొగలో వేలాడుతూనే ఉంటుంది కాబట్టి ఈ హుకుం విని పండగ చేసుకున్నవాడు అతనొక్కడే. పాత నీళ్ళ డ్రమ్ముకు తలుపు కోసి, కింద నిప్పుల గూడు పెట్టి, కంటోన్మెంట్‌లో గాలివానకు కూలిన మామిడికొమ్మ చెక్కలు ఆరబెట్టి ఉంచాడు. మేజర్ సాబ్ విదేశం నుంచి గులాబీ రంగు ఉప్పేదో తెప్పిస్తున్నాడని చెబితే పెదవి విరిచాడు. మా అమ్మ ఏ రంగు ఉప్పూ వేయదు, పొగే అన్నీ చూసుకుంటుంది అన్నాడు.

ఇక్కడ కాస్త పాఠం చెప్పక తప్పదు, ఓపిక పట్టండి. ముక్కగా ఉన్న మాంసానికి మురికి పైపైనే ఉంటుంది. వాళ్ళమ్మ ఆ ముక్కను ఎండి చెక్కయ్యేదాకా పొగలో ఉంచుతుంది కాబట్టి ఆవిడకు ఏ బెంగా లేదు. సాసేజ్ అలా కాదు. మాంసాన్ని మెషిన్లో ఆడించడంతో పైన ఉన్నదంతా లోపలికి పోతుంది. దాన్ని పేగులో గాలి చొరకుండా కూరి, గోరువెచ్చని పొగలో గంటల కొద్దీ వేలాడదీస్తాం. గాలి అంటే గిట్టని ఒక క్రిమి ఉంది, దానికి ఇంతకంటే మంచి అత్తారిల్లు దొరకదు. అది వదిలే విషానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. తిన్న మనిషి నరాలు చచ్చుబడిపోతాయి. దాన్ని అడ్డుకోవడానికే ఈ ఉప్పు. మామూలు ఉప్పులో కొంచెం నైట్రైట్ కలిపి తయారుచేస్తారు. కిలో మాంసానికి అర చెంచా, అంతే. వండాక కూడా మాంసం లోపల గులాబీ రంగులో ఉండేది దానివల్లే. కానీ అదే ఉప్పును కూరలో వేసుకున్నట్టు వేసుకుంటే రక్తం ఊపిరిని మోయడం మానేస్తుంది. పెదవులు నీలమవుతాయి. పెద్దవాళ్ళకే ముప్పు, ఇక పిల్లల సంగతి చెప్పక్కర్లేదు.

అంత ప్రమాదం కాబట్టే వంటింటి తెల్ల ఉప్పుతో కలిసిపోకూడదని దానికి గులాబీ రంగు వేస్తారు. తెల్ల ఉప్పు వాడే దేశాల్లో అది భేషైన ఉపాయం. మన ఢిల్లీలో మాత్రం ఏడాదికి రెండుసార్లు నవరాత్రులు వస్తాయి. ఉపవాసం ఉన్న ఇంట్లో ఆ తొమ్మిది రోజులూ తెల్ల ఉప్పు ముట్టరు. సైంధవ లవణమే వాడతారు. దాని రంగూ గులాబీయే. తెలివైనవారు ఈపాటికి అసలు సంగతి పట్టేసి ఉంటారు. మేం పట్టలేదు.

మన ఉగాది నాడే వాళ్ళకు చైత్ర నవరాత్రులు మొదలవుతాయి. ఆ పొద్దున మా ఆవిడ చేసిన పచ్చడి గిన్నెలో పోసుకుని స్టోరుకు తీసుకెళ్ళాను. హవల్దారు రెండు చేతులూ చాచి తీసుకుని, ఇందులో నమక్ ఉందా సాబ్ అని అడిగాడు. ఆరు రుచుల్లో అది లేకుండా ఎలా ఉంటుందన్నాను. తెల్లదా అన్నాడు. అవునన్నాను. గిన్నెకు దండం పెట్టి తిరిగిచ్చేశాడు. నేనే తిన్నాను.

ఈస్టర్ నవరాత్రులు దాటాక వస్తుంది. కానీ సైన్యంలో రిహార్సల్ లేకుండా పెళ్ళి కూడా జరగదు. ముందు ఒక విడత చేసి చూడాలన్నాడు మేజర్ సాబ్. ఆయన ఉప్పు సంచి ఎవరో బంధువు ద్వారా వచ్చింది. దాని మీద ఏ రాతా లేదు. మామూలు ప్లాస్టిక్ సంచి. స్టోరుకు పంపిస్తూ ఫోన్ చేసి హవల్దారుతో, పింక్ నమక్ వస్తోంది, ఇంపోర్టెడ్, జాగ్రత్తగా దాచమన్నాడు. నవరాత్రుల వేళ స్వయంగా మేజర్ సాబ్ ఫారిన్ నుంచి పింక్ నమక్ తెప్పించాడంటే ఉపవాసం ఉన్నవాడికి ఏమర్థమవుతుంది? ఉపవాసం ఉన్నవాళ్ళ కోసమే తెప్పించారని హవల్దారుకు అర్థమైంది. కళ్ళకద్దుకుని పై అరలో పెట్టాడు.

తర్వాత నేను వెళ్ళి సాసేజ్‌కు పింక్ నమక్ ఇమ్మన్నాను. పంది మాంసంలోకి అంత పవిత్రమైన ఫారిన్ సైంధవం ఎందుకని అతను కింద డబ్బాలోని దేశవాళీ సైంధవాన్ని పొడిచేసి తూచి ఇచ్చాడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం అంటే ఇదే. నేను ఆ విదేశీ ఉప్పును జన్మలో చూసినవాణ్ణి కాదు. గులాబీగా ఉంది, పొడిగా ఉంది, ఇంకేం కావాలి?

వెల్లుల్లి, మిరియాలు, మేజర్ సాబ్ ఎక్కడో సంపాదించిన మార్జోరం ఆకు వేసి, మంచు ముక్కల మధ్య చేతులు కొంకర్లు పోయేలా కలిపాం. చిన్న ఉండ పెనం మీద కాల్చి రుచి చూశాం. అమోఘం. ఉప్పు సరిపోయిందో లేదో నాలుక చెబుతుంది గానీ ఏ ఉప్పో చెప్పదు. శుభ్రం చేసిన పేగుల్లో కూరాం, ఫ్రిజ్‌లో ఉంచాం, మర్నాడు డ్రమ్ములో వేలాడదీసి మామిడి పొగ పట్టించాం. థర్మామీటరు గుచ్చి లోపలిదాకా ఉడికిందని చూసుకునే దించాం. పైన బెల్లం పాకం రంగు తిరిగి నిగనిగలాడాయి. ఆ రెండు రోజులూ హవల్దారు డ్రమ్ము ఉన్న వైపు రాకుండా బ్యారక్కులన్నీ చుట్టుకుని స్టోరుకు వచ్చేవాడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్తూ మాత్రం వంటింటి గుమ్మంలో ఆగాడు. మర్నాడు అష్టమి. వాళ్ళింట్లో కంజక్. తొమ్మిది మంది చిన్న ఆడపిల్లల్ని అమ్మవారిగా కూర్చోబెట్టి, కాళ్ళు కడిగి, పూరీ, హల్వా, నల్ల శనగలు పెడతారు. అందుకు పొద్దున సెలవు అడిగాడు. సరే అన్నాను. "ఇస్ బార్ మాతారానీ కో విదేశీ నమక్ సాబ్" అని మురిసిపోతూ చెప్పాడు. ఈసారి అమ్మవారికి విదేశీ ఉప్పట. పొగతో కళ్ళు మండుతున్న నాకు అది సగమే వినబడింది. ఏదో పరాచికం అనుకుని తలాడించాను.

అష్టమి పొద్దున మేజర్ సాబ్ రుచి చూడటానికి వస్తానన్నాడు. నాగా మాస్టరు ఒక సాసేజ్ తీసి చెక్క మీద పెట్టి అడ్డంగా కోశాడు. కోసి, సంతోషంగా నా వైపు తిప్పాడు. "చూడండి సాబ్, అచ్చం మా అమ్మ చేసినట్టే."

లోపల బూడిద రంగులో ఉంది.

ఇంకోటి కోయించాను. అదీ అంతే. ఉడికిన మటన్ ఎలా ఉంటుందో అలా. గులాబీ ఛాయ మచ్చుకైనా లేదు. మాస్టరు ముక్క నోట్లో పెట్టుకోబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. ఇందులో ఆ ఉప్పు పడలేదు. నేను వేసింది మరేదో. ఇక్కడిదాకా నా బుర్ర మామూలుగానే పనిచేసింది. మేజర్ సాబ్‌కు ఏం చెప్పాలి, ఇంత మాంసం దండగైందే అనే ఆలోచిస్తున్నాను. అసలు ఉప్పు ఎక్కడుందో చూద్దామని స్టోరు తెరిచాను. పై అరలో సంచి కనిపించింది. పీచుమిఠాయి రంగు, సన్నని రవ్వలాంటి ఉప్పు. సంచి మూతి విప్పి మళ్ళీ కట్టి ఉంది. కొంత తగ్గింది. నిన్న సాయంత్రం సగం వినబడ్డ మాట మిగతా సగం అప్పుడు వినబడింది.

హవల్దారుకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడు. పూజలో ఫోన్ పక్కన పడేసి ఉంటాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ చేశాను. కంగారులో వేరే నంబరు నొక్కి ఎవరో ధోబీని నిద్ర లేపాను. ఇంకో సంగతి కూడా నాకు తెలుసు. నైవేద్యాన్ని ఎవరూ రుచి చూడరు. వండినవాళ్ళు కూడా చూడరు. వాళ్ళింట్లో ఆ పూట ఉప్పు పడేది శనగల్లోనే, ఆ శనగలు మొట్టమొదట తాకేది పిల్లల నాలుకనే.

అప్పుడు పై గది కుర్రాడు గుర్తొచ్చాడు. నిద్ర గొంతుతో ఎత్తాడు. రాత్రంత సదివి ఇప్పుడే పండుకున్న అంకుల్ అన్నాడు.

"ఒరే అబ్బాయ్, ఉన్న పళంగా కిందికి దిగు. హవల్దారు ఇంట్లో శనగలు ఒక్క గింజ కూడా ఎవరూ తినకూడదు. అందులో వేసిన ఉప్పు విషం."

"విషమా? ఆళ్ళ పూజల వోయి నేనేం జెప్పాలె అంకుల్?"

"ఏదో ఒకటి చెప్పు. ఆపు. నేనొస్తున్నాను."

అవతల చెప్పుల చప్పుడు వినబడి ఫోను కట్ అయింది. ఉప్పందించడం అనే మాట మనవాళ్ళు ఎందుకు పుట్టించారో గానీ, నా జీవితంలో నేను అందించిన ఉప్పు అదొక్కటే.

నాగా మాస్టరు మోటార్‌సైకిల్ వెనక ఎక్కాను. ఏప్రన్ విప్పడం కూడా మరిచిపోయాను. ధౌలా కువాన్ దగ్గర సిగ్నల్ పడింది. ఎర్రలైటు ముందు ఆగిన బళ్ళలో ఎటు చూసినా చిన్న చిన్న ఆడపిల్లలే. అద్దకం చున్నీలు, నుదుట బొట్లు, చేతుల్లో బహుమతి పొట్లాలు. ఆ పొద్దున ఢిల్లీలో ఆడపిల్లలకు ఉన్నంత గిరాకీ మంత్రులకు కూడా ఉండదు. ఒక ఇంట్లో తిని ఇంకో ఇంటికి పరుగెడుతుంటారు. నాకు దేవుడి మీద పెద్ద పట్టింపు లేదు. అయినా ఆ లైటు దగ్గర నేను చేసిన వేడికోలు ఏ ఉపవాసం ఉన్నవాడూ చేసి ఉండడు. మాస్టరు ఏమనుకున్నాడో, లైటు పచ్చగా మారకముందే దూకించాడు. క్రమశిక్షణ కలిగిన సైనికులం, ఆ ఒక్కసారికి క్షమించాలి.

కటవారియా సరాయ్ గల్లీలో బండి దిగి పరుగెత్తాను. మేడ గుమ్మం ముందు ఒక పిల్ల నిలబడి ఉంది. ఆరేడేళ్ళుంటాయి. నన్ను చూసి నవ్వింది. దాని పెదవులు నీలంగా ఉన్నాయి.

నేను గుమ్మం పట్టుకుని కూలబడ్డాను. ఆ పిల్ల భయపడి, "క్యా హువా అంకుల్?" అంటూ నాలుక బయటపెట్టింది. నాలుక ఇంకా నీలం. చేతిలో పుల్ల ఉంది, పుల్ల చివర సగం చప్పరించిన నీలం లాలీపాప్. పక్కింటి కంజక్‌లో ఇచ్చారట. ఆ తయారీదారుణ్ణి ఇప్పటికీ నేను క్షమించలేదు.

లోపల దృశ్యం ఇది. వరండాలో వరుసగా పీటలు, పీటల మీద ఆడపిల్లలు, ముందు పళ్ళేలు. మధ్యలో మన గడ్డం సివిల్స్ పెద్దమనిషి, లుంగీ బనీనుతో, శనగల గిన్నెను తువ్వాలు చుట్టి రెండు చేతులా గుండెకు హత్తుకుని నిలబడి ఉన్నాడు. మొదటి మూడు పళ్ళేల్లో వడ్డించిన శనగలు కూడా లాక్కుని గిన్నెలో పోసేశాడట. హవల్దారు ఒక పక్క, అతని భార్య ఒక పక్క గిన్నె పట్టుకుని లాగుతున్నారు. ఇతను వదలడు. ఛిప్‌కలీ ఛిప్‌కలీ అని అదే జపం. అంటే బల్లి. శనగల్లో బల్లి పడిందని చెప్పాడన్నమాట. వడ్డించేదాకా మూత తీయని గిన్నెలో బల్లి ఎలా పడుతుందని ఆవిడ ప్రశ్న. న్యాయమైన ప్రశ్నే. జవాబుకు బదులు ఇతను గిన్నెను ఇంకా గట్టిగా హత్తుకున్నాడు. ఆడపిల్లలకు ఇదంతా మహా సరదాగా ఉంది.

నేను గుమ్మం దాటలేదు. ఒళ్ళంతా పంది పొగ వాసన, అది అష్టమి పూట పూజ జరుగుతున్న ఇల్లు. అక్కడి నుంచే హవల్దారును పిలిచి, మేజర్ సాబ్ ఉప్పు వేశావా అని అడిగాను. వేశానన్నాడు, కాస్త గర్వంగానే. అది సైంధవం కాదని, మాంసంలో వేసే మందని, ఈ పిల్లలు తిని ఉంటే ఏమయ్యేదో చెప్పాను. బల్లి గురించి వాదిస్తున్న ఆవిడ ఒక్కసారిగా గిన్నె వదిలేసింది. పిల్లల వైపు చూసింది. గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయింది. హవల్దారు పిల్లల ముందు పళ్ళేలన్నీ గబగబా వెనక్కి లాగేశాడు. ఎవరైనా తిన్నారా అని పిల్లల్ని అడిగాను. లేదన్నారు. అందరికంటే చిన్నది, మేం శనగలు ఎలాగూ తినం అంకుల్, దాచేసి బయట పారేస్తాం అని ఇంటి గుట్టు విప్పింది.

కుర్రాణ్ణి పక్కకు పిలిచి, విషమని చెప్పక బల్లి ఎందుకు పడేశావురా అని తెలుగులో అడిగాను. ఇంకా రొప్పుతున్నాడు.

"విషం అంటే హవల్దార్ సార్ మీద కేసయితది గద అంకుల్. బల్లి మీద ఎవరు కేసు వెడ్తరు?"

నాలుగు ఇంటర్వ్యూ బోర్డులు కలిసి కూర్చున్నా అంతకంటే మంచి జవాబు రాబట్టలేవు. కానీ ఆ పరీక్షలో ఈ ప్రశ్న అడగరు.

భాభీజీ, అదే హవల్దారు భార్య, లేచింది. మొహం కడుక్కుంది. పిల్లలకు పూరీ హల్వా మళ్ళీ వడ్డించింది. తర్వాత చెంబు పట్టుకుని కుర్రాడి ముందుకొచ్చి పీట మీద కూర్చోమంది. కంజక్‌లో ఆడపిల్లలతో పాటు ఒక మగపిల్లవాణ్ణి కూడా కూర్చోబెట్టే ఆచారం ఉంది. లంగూర్ అంటారు. అమ్మవారికి కాపలా ఉండే కోతి. ఆ రోజు వాళ్ళకు లంగూర్ దొరకలేదట. దొరికాడు అంది ఆవిడ. మనవాడు బిత్తరపోయి నా వైపు తిరిగాడు.

"అంకుల్, రాత్రి ఎగ్ రోల్ తిన్న. కూసోవచ్చునా?"

"కోతి ఏం తిన్నదో ఎవరూ అడగరు. కూర్చో."

కూర్చున్నాడు. ఆవిడ నేల మీద కూర్చుని ఆ గడ్డపు మనిషి కాళ్ళు రెండూ చిన్నపిల్లాడివి కడిగినట్టు కడిగి, తుడిచి, బొట్టు పెట్టింది. చేతికి ఎర్రదారం కట్టింది. ఆడపిల్లలు పడీపడీ నవ్వారు. అతను తల దించుకుని హల్వా తింటూ ఏడ్చాడు. నేను గుమ్మంలో నిలబడి ఏడ్చాను. నా వెనక నాగా మాస్టరు ముక్కు చీదాడు, పొగ అన్నాడు.

ఈస్టర్ సంగతి మీరు అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్పేస్తాను. మేజర్ సాబ్‌కు జరిగిందంతా చెప్పాను. ఆయన మొహం పాలిపోయింది. ఆ సాయంత్రమే స్వయంగా కటవారియా సరాయ్ వెళ్ళి ఆ దంపతులకు క్షమాపణ చెప్పుకుని వచ్చాడు. మిగిలిన ఉప్పు సంచి మీద ఎర్ర సిరాతో పుర్రె బొమ్మ గీసి తన బీరువాలో పెట్టి తాళం వేసుకున్నాడు. రెండో విడతకు అర చెంచాల లెక్కన ఆయన ఎదుటే కొలిచి వేశాను. కోస్తే లోపల గులాబీ పువ్వే. పోలండ్ అతిథి ఒక ముక్క నోట్లో పెట్టుకుని, చాలాసేపు మింగకుండా ఉండిపోయాడు. తర్వాత వాళ్ళమ్మకు వీడియో కాల్ చేసి నన్ను చూపించాడు. ఆవిడ ఏమందో నాకర్థం కాలేదు. వెల్లుల్లి తక్కువైందందని మేజర్ సాబ్ తర్వాత చెప్పాడు.

ఇక అష్టమి మధ్యాహ్నానికి వద్దాం. ఆ శనగలు ఏం చేయాలన్నది సమస్య. ఆవుకు పెట్టడానికి లేదు, కుక్కకు వేయడానికి లేదు. కాలువలో పోయడానికి భాభీజీ ఒప్పుకోదు, అమ్మవారి పేరు మీద వండినవి. కటవారియా సరాయ్‌లో మట్టి కనబడాలంటే పూలకుండీ ఒకటే గతి. చివరికి హవల్దారు ఆ గిన్నెను ఒళ్ళో పెట్టుకుని ఆటోలో మెస్సుకు తెచ్చాడు. డ్రమ్ము వెనక ఖాళీ జాగాలో పాతేద్దామన్నాను. ఉప్పుపాతర వేయడం అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను గానీ, నిజంగా వేయడం అదే మొదలు.

పాడైన సాసేజ్‌లు కూడా పాతాల్సినవే. పార పట్టుకున్న నాగా మాస్టరు ఒక్క గుంట చాలదా అన్నాడు. హవల్దారు చూసిన చూపుకు నోరు మూసుకుని, బాగా ఎడంగా రెండో గుంట తవ్వాడు. శనగల్ని హవల్దారు తన చేతులతోనే వంపి, ఏదో గొణుక్కుని, మట్టి కప్పాడు. మాస్టరు సాసేజ్‌ల పళ్ళెం తెచ్చేసరికి లేచి వెళ్ళిపోబోయాడు. నాలుగడుగులు వేసి ఆగాడు.

"సాబ్, మీకు ఎలా తెలిసింది?"

అప్పటిదాకా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. సాసేజ్ కోస్తే లోపల బూడిద రంగులో ఉందని, గులాబీగా ఉండాల్సిందని, దాన్ని చూసే కనిపెట్టానని చెప్పాను. అది కోయకపోయి ఉంటే నేను ఈపాటికి మేజర్ సాబ్ పక్కన నిలబడి పొగడ్తలు వింటూ ఉండేవాణ్ణి.

అతను వెనక్కి వచ్చి ఆ పళ్ళెం ముందు నిలబడ్డాడు. నేరుగా దానికేసి చూశాడు. తర్వాత వంగి బూట్లు విప్పాడు. మేజోళ్ళు కూడా విప్పి, వట్టి కాళ్ళతో నిలబడి, ఆ పంది మాంసానికి రెండు చేతులూ జోడించాడు. నాగా మాస్టరు ఊరుకోడు కదా, ఈ సాసేజ్ చేయకపోతే ఆ ఉప్పు ఇక్కడికి వచ్చేదే కాదు కదా భాయీ అన్నాడు.

"అది మేజర్ సాబ్ లెక్క" అన్నాడు హవల్దారు. "ఇది దీని లెక్క."

మాస్టరు పళ్ళెం గుంటలో ఒంపాడు. నేను పార అందుకోబోతే హవల్దారు వద్దన్నాడు. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులా మట్టి తీసి, ఆ సాసేజ్‌ల మీద మెల్లగా వేశాడు.